ఎథిక్స్ క్లాసులో పిల్లాడు అడిగిన ప్రశ్నకు ఏం చెప్పాలి?

కృష్ణాతీరం_సివిల్
బెజవాడ, గుంటూరు మధ్య ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చెబుతాను. పేరు అడగొద్దు. మా బ్రాంచికి పిల్లలు తగ్గిపోయారు, లోడు లేదు కదా అని ఈ సెమిస్టర్ సీఎస్ఈ మూడో ఏడాదికి ‘ప్రొఫెషనల్ ఎథిక్స్’ నా నెత్తిన పెట్టారు. సెక్షన్‌లో 66 మంది. భోజనం అయ్యాక మొదటి పీరియడ్. పరిస్థితి మీరే ఊహించుకోండి.

మొన్న నిజాయితీ, జవాబుదారీతనం అనే యూనిట్ చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచాడు. గొంతులో వెటకారం లేదు. “మేడం, పోయిన వారం తనిఖీకి వస్తున్నారని రెండేళ్ల కిందటి ఫీడ్‌బ్యాక్ ఫారాలన్నీ మాతో ఒకే రోజు నింపించారు. చేతిరాత, ఇంకు మార్చి మార్చి రాయమని మూడు రకాల పెన్నులు కూడా ఇచ్చారు. అది ఈ యూనిట్‌లోకి వస్తుందా, తర్వాతి యూనిట్‌లోకా?” అన్నాడు.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి, తర్వాత మాట్లాడదాం అని బోర్డు వైపు తిరిగాను. ఆ ఫారాల కట్ట పైన పెట్టిన కవరింగ్ షీటు మీద సంతకం నాదే.

మంగళవారం మళ్లీ అదే క్లాసు. ఏం చెప్పమంటారు?

సప్లీ_సామ్రాట్
మా రోజుల్లో ఎథిక్స్ పరీక్షలో ముందువాణ్ని పేపరు కాస్త పక్కకు పెట్టరా అంటే పెట్టలేదు. ఇప్పుడే ఒకటో యూనిట్ చదువుకుని వచ్చాను, గంట కూడా కాలేదు, కనీసం ఈ పూటన్నా ఆగనివ్వరా అన్నాడు. ఆ సబ్జెక్టు వల్ల బాగుపడిన ఏకైక మనిషి వాడే.

బ్రాడీపేట_4బై14
నాకిప్పటికీ నీతి ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పే కోల్‌బర్గ్ మూడు స్థాయిలు, దాని మీద గిల్లిగన్ వాదన, ‘ఇంజనీరింగ్ ఒక సామాజిక ప్రయోగం’ అన్న యూనిట్ గుర్తున్నాయి. ముందురోజు రాత్రి ఆల్ ఇన్ వన్ గైడు తెచ్చుకుని బట్టీ కొట్టాను. పది మార్కుల ప్రశ్నకు ఎనిమిది వచ్చాయి. ఆ రెండు ఎందుకు తగ్గించారో ఇప్పటికీ తెలియదు. బాక్స్ గీయలేదనుకుంటా.

కానూరు_కుర్రోడు
నేనిప్పుడు ఫైనలియర్, వేరే కాలేజీ. మేడం, అక్కడ మూడు పెన్నులిచ్చారంటున్నారు, మా దగ్గర ఒక్కటే ఇచ్చారు. మీది పెద్ద కాలేజీ అయ్యుంటుంది.

పునుగుల_బండి
@కానూరు_కుర్రోడు పెన్ను మీదే ఉంచుకోమన్నారా, తిరిగి తీసుకున్నారా? గ్రేడు దాన్ని బట్టే చెప్పొచ్చు.

లాగిన్_లక్ష్మీపురం
నేనూ లెక్చరర్నే. పిల్లలకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ అకార్డ్ అనే ఒప్పందంలో భారతదేశం 2014లో పూర్తి సభ్యత్వం తీసుకుంది. ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ దగ్గర ఆ గుర్తింపు కావాలంటే 12 ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్ (పీఓలు), అంటే చదువు అయ్యేసరికి పిల్లలకు రావాల్సినవి, చూపించాల్సి వచ్చేది. అందులో ఎనిమిదోది ఎథిక్స్‌గా ఉండేది. మనం ఏం చేశాం? ప్రతి సబ్జెక్టుకూ ఒక పట్టిక గీసి, పీఓ 8 కింద 1, 2, 3 అని అంకెలు వేశాం. ఆ అంకెలు ఎలా వచ్చాయని ఒకసారి మా సీనియర్ని అడిగాను. “అన్నీ మూడు వేస్తే అనుమానం వస్తుందమ్మా, మధ్యలో రెండు కూడా వెయ్యి” అన్నారు.

రిటైర్డ్_డీఈఈ
చదువుతుంటే నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

1990ల్లో నేను అసిస్టెంట్ ఇంజనీరుగా (ఏఈ) చేరిన కొత్తలో ఒక కాలువ మీద చిన్న వంతెన పని నా సెక్షన్‌లో పడింది. స్లాబ్ పోసేటప్పుడు అదే మాల్ (కలిపిన కాంక్రీటు) తీసి 150 మిల్లీమీటర్ల క్యూబులు పోయాలి, 28 రోజులు నీళ్లలో ఉంచి క్యూరింగ్ చేయాలి, ల్యాబ్‌లో పగలగొట్టి ఎంత బలం వచ్చిందో రాయాలి. ఇది మీ అందరికీ తెలిసిందే. సైటులో జరిగేది వేరు. మధ్యాహ్నం టీ తాగుదామని షెడ్డు వెనక్కి వెళ్తే అక్కడ ఒక మేస్త్రి ఇనప రేకు మీద విడిగా మాల్ కలుపుతున్నాడు. సిమెంటు పాలు ఎక్కువ, కంకర ఏరి పెట్టుకున్నది. ఏంటయ్యా ఇది అంటే, “క్యూబుల మాలండి” అన్నాడు. దాచాలని కూడా అనుకోలేదు. స్లాబ్ మాల్ వేరు, క్యూబుల మాల్ వేరు అన్నది ఆయనకు పప్పు వేరు, చారు వేరు అన్నంత మామూలు సంగతి.

పైఆఫీసరు దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డమనిషి కాదు. “నువ్వు కొత్త, స్లాబ్ బాగానే పోశారు, నేనూ చూశాను. మార్చి నెల, బిల్లు ఆగితే నిధులు మురిగిపోతాయి” అన్నారు. ఎం-బుక్కులో, అంటే పని కొలతల పుస్తకంలో, రాశాను. క్యూబుల రిపోర్టు మీద సంతకం పెట్టాను. పైసా తీసుకోలేదు, ఇది మాత్రం ఒట్టు.

వంతెన కూలిందా అంటే, లేదు. ఇవాళ్టికీ ఉంది. పండక్కి మా అత్తగారి ఊరు వెళ్లేది ఆ దారినే. కారు దాని మీదికి ఎక్కగానే మా ఆవిడ మాటలు ఆపేస్తుంది. ముప్పై ఏళ్ల నుంచి ఇదే వరస.

కోల్‌బర్గ్ ఎవరో నాకు తెలియదు. మా చదువులో ఈ సబ్జెక్టు లేదు. ఉండి ఉంటే సంతకం పెట్టేవాణ్ని కాదా? చెప్పలేను.

బ్రాడీపేట_4బై14
బాబాయ్, ఈ ఒక్క పోస్టు సిలబస్‌లో పెడితే చాలు.

కుంచనపల్లి_కోడర్
గౌరవంగానే విభేదిస్తున్నాను. డీఈఈ గారు మంచివారు కాబట్టి ముప్పై ఏళ్లు బాధపడ్డారు. ఆ మంచితనం ఇంటి నుంచి వచ్చింది, క్లాసు నుంచి కాదు. ఇరవై ఏళ్లు వచ్చాక వారానికి మూడు పీరియడ్లతో మనిషిని మార్చలేం. ఈ సబ్జెక్టు తీసేసి ఆ గంటలు ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కి ఇవ్వండి, పిల్లలు దండం పెడతారు.

బెజవాడ_టు_డాలస్
@కుంచనపల్లి_కోడర్ ఇల్లు, పెంపకం సరే. కానీ డీఈఈ గారి కథలో ఆయనకు చెడు బుద్ధి ఎక్కడుంది? తప్పు చాలావరకు మార్చి నెలలోంచి, బిల్లులోంచి, “నేనూ చూశాను” అన్న మాటలోంచి వస్తుంది. నేర్పాల్సింది అది పసిగట్టడం.

నేను ఇక్కడ స్ట్రక్చరల్‌లో ఉన్నాను. ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్స్ తీసుకునేటప్పుడు ప్రతివాడూ చదివే కేసు ఒకటుంది. 1981 జూలై 17, కాన్సస్ సిటీ, హయత్ రీజెన్సీ హోటల్. లాబీ మీద గాల్లో వేలాడే నడకదారులు. నాలుగో అంతస్తుది పైన, దాని కిందే రెండో అంతస్తుది. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి ఒకే పొడుగు రాడ్డు రెండింటికీ దిగుతుంది. అంత పొడుగు రాడ్డుకు మరలు తీయడం కష్టమని, పైదానికి ఒక రాడ్డు, దాని దూలం నుంచి కిందిదానికి ఇంకో రాడ్డు అని మార్చారు. డ్రాయింగులో చూస్తే చిన్న మార్పే. కానీ నాలుగో అంతస్తు దూలం కింద ఉన్న నట్టు మీద రెట్టింపు బరువు పడింది. లెక్క మళ్లీ వేసినవాడు లేడు. డ్రాయింగు మీద ముద్ర పడింది. ఆ సాయంత్రం లాబీలో డ్యాన్సు జరుగుతుంటే రెండూ కూలి 114 మంది పోయారు. మిస్సోరీ రాష్ట్రం ఆ ఇంజనీర్ల లైసెన్సులు రద్దు చేసింది.

ఎవరూ లంచం తీసుకోలేదు. ఆ మార్పుకు ఫోన్లో “ఆ, సరే” అన్నారా లేదా అన్నదాని మీద కూడా విచారణలో వాదన నడిచింది.

సప్లీ_సామ్రాట్
రెట్టింపు ఎలా అవుతుందన్నా? మొత్తం బరువు అంతేగా? (మెకానిక్స్ మూడుసార్లు రాశాను, నవ్వకండి)

బెజవాడ_టు_డాలస్
నవ్వను తమ్ముడూ, అక్కడ పెద్దవాళ్లే పట్టుకోలేదు. బావిలోకి తాడు వేశారు. ఇద్దరూ ఆ తాడే పట్టుకుని వేలాడితే ఎవరి చేతులు వాళ్ల బరువే మోస్తాయి. అలాకాక పైవాడు తాడు పట్టుకున్నాడు, కిందివాడు పైవాడి కాళ్లు పట్టుకున్నాడు. తాడుకు తేడా లేదు. పైవాడి చేతులకు?

సప్లీ_సామ్రాట్
ఓహ్. మా ప్రొఫెసరు ఇలా చెప్పి ఉంటే నా పేరు వేరేగా ఉండేది.

గవర్నర్‌పేట_గుమస్తా
లైసెన్సు రద్దు చేశారన్నారు. మన దగ్గర రద్దు చేయడానికి ముందు ఉండాలిగా! డాక్టరుకు మెడికల్ కౌన్సిల్, లాయరుకు బార్ కౌన్సిల్, ఆర్కిటెక్టుకు 1972 చట్టం కింద ఆర్కిటెక్చర్ కౌన్సిల్. ఇంజనీరుకు అలాంటి చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. 1920లో పెట్టిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఉంది, దానికి నియమావళీ ఉంది, కానీ అందులో సభ్యత్వం మన ఇష్టం. మున్సిపాలిటీ ప్లాన్లకు లైసెన్సుడు ఇంజనీరు ఉంటాడు, అదొక్కటే. పోగొట్టుకునేదేమీ లేనివాడికి నీతి చెబితే తలూపుతాడు.

పునుగుల_బండి
కెనడాలో ఇంజనీర్లకు చిటికెన వేలికి ఇనప ఉంగరం తొడుగుతారట. మన వాళ్లకైతే తొమ్మిది వేళ్లకు రాళ్ల ఉంగరాలుంటాయి, పదోది ఖాళీగానే ఉంది.

బెజవాడ_టు_డాలస్
నిజమే, 1925 నుంచి ఆ ఆచారం ఉంది. 1907లో క్విబెక్ వంతెన కడుతుండగా కూలి 75 మంది పనివాళ్లు చనిపోయారు. ఆ ఇనుముతోనే ఉంగరాలు చేస్తారని చెప్పుకుంటారు కానీ అది కట్టుకథ. ఆ కట్టుకథను కూడా మొదటి ఏడాది పిల్లలకు ఒట్టేసి చెబుతారు, అది వేరే సంగతి.

కుంచనపల్లి_కోడర్
సివిల్ వాళ్లకు వంతెనలు, నట్లు. ఆ క్లాసులో ఉన్న 66 మందీ సీఎస్ఈ. వాళ్ల కోడు కూలితే ఎవరు చస్తారు? సర్వర్ రీస్టార్ట్ చేస్తారు.

తాడేపల్లి_టెస్టర్
@కుంచనపల్లి_కోడర్ అన్నా, ఒక్క నిమిషం. 2015లో ఫోక్స్‌వ్యాగన్ సంగతి గుర్తుందా? డీజిల్ కారు ఇప్పుడు పొగ పరీక్షలో ఉందా, రోడ్డు మీద ఉందా అని సాఫ్ట్‌వేరే కనిపెట్టేది. పరీక్షలో బుద్ధిగా ఉండేది, రోడ్డెక్కితే పరిమితికి 40 రెట్ల వరకు నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలేది. ప్రపంచమంతా కలిపి కోటికి పైగా కార్లు. అందులో పనిచేసిన ఒక ఇంజనీరుకు 2017లో అమెరికా కోర్టు 40 నెలల జైలు వేసింది. ఎవడో ఒకడు కూర్చుని ఆ ‘ఇఫ్’ కండిషన్ రాసే ఉంటాడుగా. టీ తాగుతూ రాసి ఉంటాడు.

బోయింగ్ 737 మ్యాక్స్ రెండు ప్రమాదాల్లో 346 మంది పోయారు. అక్కడా ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ ఒకే ఒక్క సెన్సారును నమ్మి విమానం ముక్కు కిందికి దించింది. రీస్టార్ట్ ఎక్కడ చేస్తారు?

ఇంకోటి. తనిఖీ ఉన్నప్పుడు బుద్ధిగా, లేనప్పుడు మామూలుగా. ఫోక్స్‌వ్యాగన్ కథ మేడం గారి కాలేజీ కథలాగే లేదూ?

కానూరు_కుర్రోడు
చివరి లైను స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

మిర్చియార్డు_మామ
నేను ఇంజనీర్ని కాదు, యార్డులో చిన్న కమీషన్ కొట్టు. మా వాడు ఆ రోడ్డులోనే ఏదో కాలేజీలో సీఎస్ఈ. ఫీజులు కట్టేది మేము, మాకు కావాల్సింది ఉద్యోగం. నీతులు మేము ఇంట్లో చెప్పుకుంటాం.

కానీ ఒక మాట. తూకం కోసం కాయకు నీళ్లు కొట్టిన టిక్కీ (మిర్చి బస్తా) ఒక్కసారే అమ్ముడుపోతుంది. రెండోసారి ఆ పేరుతో సరుకొస్తే కొనేవాడు పైకాయ చూడడు, అడుగుదాకా చెయ్యి పెట్టి తీస్తాడు. ఆ ఊరి సరుకంతటికీ అదే గతి. మన పిల్లల సర్టిఫికెట్లకు కూడా ఇలాగే అవుతుందేమోనని భయం.

తాడేపల్లి_టెస్టర్
ఏమో కాదు మామా, అయింది. దొంగ ఎక్స్‌పీరియన్సు పెట్టడం, ఇంటర్వ్యూలో ఒకడు పెదవులు కదిపితే ఇంకొకడు సమాధానం చెప్పడం. మూడేళ్లు నిజంగా పనిచేసిన నన్ను, కెమెరా ముందు చెయ్యి ఊపు, తల తిప్పు, గదంతా చూపించు అన్నారు. అడుగుదాకా చెయ్యి పెట్టడమంటే ఇదే.

కుంచనపల్లి_కోడర్
సరే, ఒప్పుకోవాల్సింది ఒకటుంది. నా మొదటి ఉద్యోగం రెండేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్సుతోనే వచ్చింది. నాన్నకు అప్పులు, చెల్లి పెళ్లి. నిజం రాస్తే ఫోను కూడా రాదు. ఇప్పుడు నేనే ఇంటర్వ్యూలు చేస్తున్నాను, అబద్ధం పెట్టినవాణ్ని రెండు నిమిషాల్లో పట్టేస్తాను. పట్టుకున్న ప్రతిసారీ ఎలా ఉంటుందో ఇక్కడ రాయను. అందుకే క్లాసులో చెప్పేవి వింటే ఒళ్లు మండుతుంది. ఆకలి యూనిట్ ఏ సిలబస్‌లో ఉంది?

లాగిన్_లక్ష్మీపురం
ఈ పోస్టుకు ఎవరూ జోకు వేయకండి దయచేసి.

పునుగుల_బండి
వేయను.

పటమట_పద్మ
నాకు ఇంకో భయముంది. నిజం చెప్పమని నేర్పుతాం సరే, చెప్పిన తర్వాత ఏమవుతుందో కూడా నేర్పాలిగా? సత్యేంద్ర దూబే ఐఐటీ కాన్పూర్‌లో సివిల్ చదివాడు. స్వర్ణ చతుర్భుజి రోడ్ల పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాశాడు, పేరు బయటపెట్టొద్దని వేడుకున్నాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబర్ 27 తెల్లవారుజామున గయలో కాల్చి చంపారు. సీబీఐ దోపిడీ హత్యేనంది, 2010లో ముగ్గురికి శిక్ష పడింది. సరే, హత్య దోపిడీ కోసమే అనుకుందాం. పేరు బయటపెట్టిన సంగతి మాటేమిటి? 2014లో అక్రమాలు బయటపెట్టేవాళ్లను కాపాడేందుకు విజిల్ బ్లోయర్ల చట్టం చేశారు, ఏళ్లు గడిచినా అమల్లోకి తేలేదు. మా తమ్ముడు సైట్ ఇంజనీర్. నోరు మూసుకోమని వాడికి చెప్పేది నేనే.

రిటైర్డ్_డీఈఈ
పద్మమ్మా, నీ మాట కాదనను. అందరూ దూబే కానక్కర్లేదు. ఉత్తరం రాయడానికీ నోరు మూసుకోవడానికీ మధ్య చాలా మెట్లున్నాయి, అవి ఎవరూ నేర్పరు. ‘నా సమక్షంలో క్యూబులు పోయలేదు’ అని రిపోర్టు అంచున ఒక్క ముక్క రాసి సంతకం పెట్టొచ్చు. అభ్యంతరం కాగితం మీద పెట్టి నకలు దాచుకోవచ్చు. స్లాబ్ పోసేటప్పుడు టీకి వెళ్లకుండా అక్కడే నిలబడొచ్చు. నేను తర్వాత ఉద్యోగమంతా చేసింది ఇదే. పెద్ద ధైర్యమేం కాదు, కాస్త కాళ్ల నొప్పులు.

మన దగ్గర ఉదాహరణల కోసం కాన్సస్ దాకా పోనక్కర్లేదు. కంకిపాడులో పుట్టిన కె.ఎల్. రావు గారి పేరు పెట్టుకున్న పులిచింతల ప్రాజెక్టులో 2021 ఆగస్టు 5న 16వ గేటు కొట్టుకుపోయింది. రిజర్వాయరు ఖాళీ చేసుకోవాల్సి వచ్చింది, ఆ నీళ్లన్నీ ప్రకాశం బ్యారేజీ మీదికి వచ్చాయి. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగింది. వయసు మీద పడ్డ గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారిని పిలిపిస్తే, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ (తాత్కాలిక అడ్డుపలక) దించి ఆపించారు. ఆయన్ని హీరో అన్నాం, అనాల్సిందే. గేటు బాగుందా, గొలుసు బాగుందా, గ్రీజు వేశారా అని ఏటేటా చూసి రాసే కాగితం ఒకటుంటుంది చూడండి, దాని మీద సంతకం పెట్టేవాడి గురించి ఎప్పుడైనా క్లాసులో చెప్పారా? మీ 66 మందిలో ఎవరో ఒకరు రేపు అలాంటి కాగితం ముందు కూర్చుంటారు. కంప్యూటర్లో టిక్కు పెట్టాల్సి రావచ్చు, అంతే తేడా.

గవర్నర్‌పేట_గుమస్తా
సార్, ఇంజనీర్స్ డే నాడు విశ్వేశ్వరయ్య గారి రెండు కొవ్వొత్తుల కథ చెబుతారుగా. ఆఫీసు పనికి ఆఫీసు కొవ్వొత్తి, సొంత ఉత్తరానికి సొంత కొవ్వొత్తి.

సప్లీ_సామ్రాట్
మా ఆఫీసులో కరెంటు, వైఫై, ప్రింటరు అన్నీ మా మేనేజరు కొడుకు ప్రాజెక్టుకే. కొవ్వొత్తి మేము కొనుక్కున్నాం.

కృష్ణాతీరం_సివిల్
అందరివీ చదివాను. మంగళవారం క్లాసు అయింది.

లోపలికి వెళ్లగానే చెప్పేశాను: “ఆ కవరింగ్ షీటు మీద సంతకం నాదే. పెట్టకుండా ఉండాల్సింది. పెట్టాను.” ఏం జరుగుతుందో అనుకున్నాను. ఏమీ జరగలేదు, ఫ్యాను చప్పుడు వినిపించింది. ప్రశ్న అడిగిన అబ్బాయి తల దించుకున్నాడు. వాణ్ని ఇరుకున పెట్టానేమో అనిపించింది.

తర్వాత బావి తాడు కథ చెప్పాను. ఇద్దరు కుర్రాళ్లు లేచి వచ్చి, కిటికీ ఊచ పట్టుకుని ఒకడు, వాడి నడుం పట్టుకుని ఇంకొకడు వేలాడి చూపించారు. పైవాడు అయిదు సెకన్లు కూడా ఆగలేదు. మధ్యాహ్నం పూట ఆ క్లాసులో ఎవరూ నిద్రపోకపోవడం ఇదే మొదటిసారి.

చివర్లో పేర్లు రాయకుండా, మీరు పెట్టిన ఒక సంతకం గురించి చీటీ మీద రాయండి అన్నాను. 66 మందిలో 61 మంది ఇచ్చారు. ప్రాక్సీ అటెండెన్స్ బోలెడు. పదిహేను వందలకు కొన్న ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు పదకొండు. ఒకమ్మాయి “ప్రోగ్రెస్ రిపోర్టు మీద నాన్న సంతకం నేనే పెట్టాను, నాన్న చనిపోయాక ఆ రిపోర్టు దొరికింది” అని రాసింది. ఆ చీటీ ఇంటికి తెచ్చుకున్నాను.

ఈ గొడవలో అసలు సమస్య ఇంకోటి వచ్చిపడింది. గురువారం మా సివిల్ పిల్లలకు కాంక్రీట్ ల్యాబ్. 14 మంది. వాళ్లు పోసిన ఎం25 రకం కాంక్రీటు క్యూబులకు ఏడు రోజుల బలం టెస్ట్. చదరపు మిల్లీమీటరుకు 16, 17 న్యూటన్లు రావాలి. మెషీన్ 11.2 చూపించింది. ఎంత వచ్చిందో అంతే రాయండి, తక్కువ ఎందుకొచ్చిందో కూడా రాయండి, మార్కులు దానికే అన్నాను. పిల్లలు నమ్మలేదు. వాళ్ల రికార్డుల్లో సీనియర్ల దగ్గర చూసి ముందే 17.2 అని రాసి పెట్టుకున్నారు, 14 మందీ అదే అంకె. వైట్‌నర్ తెచ్చుకున్నారు. వైట్‌నర్ వద్దు, కొట్టేసి పక్కన రాయండి అన్నాను.

హెచ్‌ఓడీ పిలిచారు. “ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు వచ్చి ఇది చూస్తే మన ల్యాబే బాగాలేదంటాడు, పిల్లల మార్కులు పోతాయి, 17 దగ్గర్లో రాయించండి” అన్నారు. సంతకాలు సోమవారం పెట్టాలి.

బ్రాడీపేట_4బై14
కొట్టేసిన 17.2 పక్కనే 11.2 ఉన్న రికార్డు! ఏ ఎక్స్‌టర్నల్ అయినా అది చూసి ఫుల్ మార్కులు వేయాలి.

కుంచనపల్లి_కోడర్
వేయాలి అన్నది వేరు, వేస్తాడు అన్నది వేరు. పిల్లల మార్కులతో మేడం గారు ప్రయోగం చేయకూడదు. వాళ్లనే అడగండి, ఒప్పుకున్నవాళ్లకే 11.2 ఉంచండి.

కృష్ణాతీరం_సివిల్
అడిగాను. తొమ్మిది మంది ఉంచుతామన్నారు. అయిదుగురు 17.2 కే సంతకం పెట్టమన్నారు. ఆ అయిదుగురికీ ఏం చేయాలో తెలియడం లేదు.

రిటైర్డ్_డీఈఈ
అమ్మా, ముందు నాకొకటి చెప్పు. 17 రావాల్సింది 11 వచ్చిందంటే చిన్న తేడా కాదు. సిమెంటు పాతదా? ఇసుకలో మట్టి ఉందా? క్యూరింగ్ సరిగా చేశారా?

కృష్ణాతీరం_సివిల్
సిమెంటు కొత్తదే సార్. క్యూరింగ్ ట్యాంకులో నాలుగు రోజులు నీళ్లు లేవు. క్యూబులు ఎండలోనే ఉన్నాయి.

రిటైర్డ్_డీఈఈ
కాలేజీలో బోరు లేదా?

కృష్ణాతీరం_సివిల్
ఉంది సార్. తనిఖీ వాళ్లు వస్తున్నారని ఆ నాలుగు రోజులూ పైపు ముందున్న లాన్ వైపు తిప్పారు.